ఐదో రోజు పెట్టిన బొట్టు

మా అత్త వంటింటి గోడకు ఒక క్యాలెండర్ ఉండేది. నెలకో కాగితం. పైన అమ్మవారి బొమ్మ, కింద తిథులు, వర్జ్యాలు, గ్యాస్ బండ వచ్చిన తేదీ, పాలవాడు రాని రోజు. ఆ కాగితం మీదే నా ఒంటి సంగతి కూడా ఉండేది. నెలకొక కుంకుమ బొట్టు, ఆ బొట్టు నుంచి పెన్సిల్‌తో ఒకటి, రెండు, మూడు అని చిన్న చిన్న అంకెలు. మూడేళ్లు ఆ అంకెల ప్రకారమే నన్ను నడిపించారు. ఆ అంకెల ప్రకారమే నాకు అండం పుట్టదని తేల్చారు. తేల్చి, నన్ను పుట్టింటికి పంపెయ్యడానికీ కొడుక్కి మరో పెళ్లి చెయ్యడానికీ ముహూర్తం లాంటి రోజొకటి పెట్టుకున్నారు.

ఆ మూడేళ్ల కాగితాలు ఇప్పుడు నా బీరువాలో ఉన్నాయి. మరిచిపొమ్మని చాలామంది చెప్పారు. క్షమిస్తే మనసు తేలికవుతుందట. నా మనసు బరువుగానే ఉండనివ్వండి, నేనే మోసుకుంటాను.

వాళ్ల ఇల్లు చాంద్రాయణగుట్టకు పోయే రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో ఉంది. మామ గుడిలో అర్చకుడు. ఆ గుడి సేవ వాళ్లకు తాతల నుంచి వచ్చింది. నన్ను చేసుకున్నతను పగలంతా ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, తన వంతు వచ్చిన రోజుల్లో పొద్దున్నే గుడికి వెళ్లేవాడు. ఇంట్లో నలుగురమే. నలుగురిలో నెలనెలా మైలపడేది నేనొక్కదాన్నే. అత్తకు అప్పటికే ముట్టు నిలిచిపోయింది. అది నిలిచాక ఆమెకు ఇంట్లో వచ్చిన పెత్తనం చూస్తే, ఆ ఇంట్లో ఆడది రాజ్యం చెయ్యాలంటే ముందు ఆమె రక్తం ఆగాలని అర్థమయ్యేది.

మా పుట్టిల్లు మలక్‌పేట. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. బాపు కరెంటాఫీసులో గుమాస్తా. ఆదివారం సాయంత్రాలు బాపూ ఆయన స్నేహితులూ ఒక చిన్న లైబ్రరీ పైగదిలో కూర్చుని వాదించుకునేవాళ్లు. దేవుడున్నాడా, జాతకం నిజమా, తద్దినం ఎవరి కడుపు నింపుతుంది, ఇవీ వాళ్ల విషయాలు. పదేళ్లప్పటి నుంచీ నన్ను వెంట తీసుకెళ్లేవాడు. అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం, ఎదుటివాడి పుస్తకాన్ని వాడికంటే జాగ్రత్తగా చదవమని. రెండోది, నీ మాట నువ్వు నిరూపించే ముందు వాడి మాట వాడి నోటితోనే అనిపించమని. పదహారేళ్లకే నేను బల్ల గుద్ది మాట్లాడేదాన్ని. ముసలాయనలు చప్పట్లు కొట్టేవాళ్లు.

అయితే బాపు సంస్కరణ అంతా ఆదివారం నాలుగు నుంచి ఆరు వరకే. నా పెళ్లి దగ్గరికొచ్చేసరికి నానమ్మ ఏడ్చింది, ఎరిగిన కుటుంబం అంది, బాపు తల వంచాడు. నేనూ వంచాను. బల్ల గుద్దిన చెయ్యే పసుపు తాడు కింద బుద్ధిగా ముడుచుకుంది. అందులో నా వాటా నేను ఎవరి మీదా తోసెయ్యను.

పెళ్లయిన మొదటి నెలలోనే అత్త నన్ను బేగంబజార్‌కు తీసుకెళ్లింది. స్టీలు సామాన్ల దుకాణంలో ఒక పళ్లెం, ఒక గ్లాసు, ఒక చెంబు కొన్నది. దుకాణమాయన పేరు చెక్కే మిషన్ చేతిలోకి తీసుకుని, కొత్తకోడలిని చూసి నవ్వుతూ, నామ్ క్యా డాల్నా అమ్మా అని అడిగాడు. ఇస్‌పే నామ్ నక్కో అంది అత్త. పేరు ఎందుకొద్దో వారం తిరిగేసరికి తెలిసింది. అవి నేను బయట ఉండే రోజులకు. వెనకాల బట్టలుతికే చోటు పక్కన ఒక గది, అందులో ఒక చాప, ఆ మూడు సామాన్లు, నేను. నాలుగు రోజులు. ఐదో రోజు తెల్లారి తలస్నానం చేసి తడి జుట్టుతో వంటింటి గడప బయట నిలబడాలి. అత్త కుంకుమ భరిణె తీసి, ఉంగరపు వేలితో క్యాలెండర్ మీద ఆ తేదీకి బొట్టు పెట్టేది. అప్పుడు నేను లోపలికి రావచ్చు.

అంతకు ముందు నాలుగు రోజుల మీద ఏ గుర్తూ ఉండేది కాదు. అమ్మవారి బొమ్మ ఉన్న కాగితం మీద మైల రాయకూడదు. అదీ నియమం. అందుకని బొట్టు పెట్టిన రోజే ఒకటి, మర్నాడు రెండు. ఆ ఇంట్లో మొదటి రోజు అంటే స్నానం చేసిన రోజు. అత్తకు అత్త ఉన్న కాలం నుంచీ అంతేనట. ఆ రాయని నాలుగు రోజులను గుర్తుపెట్టుకోండి. నా మూడేళ్లూ అందులోనే పడి పోయాయి.

ఏడాది తిరిగినా నెల తప్పలేదు. మధ్య రోజులు మంచివని అత్తకు ఎవరో చెప్పారు. మేమిద్దరం ఏయే రోజుల్లో ఒక గదిలో పడుకోవాలో అప్పటి నుంచి క్యాలెండర్ చెప్పడం మొదలుపెట్టింది. పన్నెండు నుంచి పదహారు. మిగతా రోజుల్లో ఆయనకు గుడి వంతు, నియమం, నడుం నొప్పి, ఏదో ఒకటి. పన్నెండో రోజు సాయంత్రం అత్త తానే పక్క దుప్పట్లు మార్చేది. నేను అటువైపు చూసేదాన్ని కాదు.

తర్వాత ఆస్పత్రి. డాక్టరమ్మ నన్నే అడిగింది, లాస్ట్ పీరియడ్ ఎప్పుడని. జవాబు నేను చెప్పలేదు. అత్త సంచిలోంచి మడతపెట్టిన క్యాలెండర్ కాగితం తీసి బొట్టు మీద వేలు పెట్టింది. డాక్టరమ్మ ఆ తేదీ రాసుకుంది. బయట జనం కిక్కిరిసి ఉన్నారు. ఆ బొట్టు ఏ రోజుదని అడిగే తీరిక ఆమెకు లేదు, చెప్పాలన్న తెలివి నాకు లేదు. నాకు కూడా అప్పటికి మొదటి రోజు అంటే అదే అయిపోయింది. ఫోన్‌లో నెలసరి లెక్కపెట్టే యాప్ ఒకటి పెట్టుకున్నాను, చదువుకున్నదాన్ని కదా. అది మొదటి రోజు ఏదని అడిగితే నా వేలితో నేనే స్నానం తేదీ కొట్టాను. ఒక నెల కాదు, ప్రతి నెలా.

పన్నెండో రోజు స్కాన్‌కు రమ్మన్నారు, వెళ్లాం. ఎదిగిన అండం ఏదీ కనబడటం లేదన్నారు. ఇరవై ఒకటో రోజు రక్తపరీక్ష చేశారు. అండం విడుదలయ్యాక పెరగాల్సిన హార్మోన్ తక్కువగా ఉందన్నారు. మరుసటి నెల కూడా అదే. ఎగ్ రిలీజ్ అయితలేదమ్మా అని డాక్టరమ్మ అత్తతో అంది. నాతో కాదు.

ఆ ఇంట్లో గుడ్డు అన్న మాట నోటితో పలకరు. శాకాహారపు ఇల్లు, పైగా గుడి ఇల్లు. కాబట్టి నాకు లేనిది ఏమిటో ఎదురింటావిడకు చెప్పడానికి అత్త చాలా తిప్పలు పడింది. మా కోడలికి గది తయారైతలేదట అని మొదలుపెట్టింది. గదంటే ఏంది వదినా అని ఆవిడ. గదే, అదే అంది అత్త. ఏదే అంది ఆవిడ. చివరికి తెలుగు నోరు అంటుపడకుండా ఉర్దూలో చెప్పింది: అండా నై బన్‌రా. అరుగు మీద ఇద్దరూ బుగ్గలు నొక్కుకున్నారు. ఆ అరుగు కిటికీ వెనకే నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. సాయంత్రానికి ఆ సందులో అందరికీ తెలిసిపోయింది. కూరగాయల బండి ముసలమ్మ నా చేతిలో ఊరికే రెండు నిమ్మకాయలు పెట్టి, ఫికర్ నక్కో కరో బేటీ అని ధైర్యం చెప్పింది. అత్త చేసిన అవమానం కంటే ఆ జాలి నాకు ఎక్కువ మండింది.

అండం పుట్టడానికని గోళీలు ఇచ్చారు. తలనొప్పి, ఒంట్లోంచి ఆవిర్లు. అంతలో గుడిలో కల్యాణోత్సవం వచ్చింది. నా బయట రోజులు సరిగ్గా అప్పుడే పడతాయని అత్త పెన్సిల్ అంకెలు చూసి కనిపెట్టింది. మందుల దుకాణం నుంచి ముట్టు ఆపే గోళీలు తెప్పించింది. ఒక గోళీ నా ఒంటితో త్వరగా కానియ్ అంటోంది, ఇంకో గోళీ ఆగు అంటోంది. ఉత్సవం బాగా జరిగింది. నేను రెండు వందల పులిహోర పొట్లాలు కట్టాను. ఆ రెండో గోళీ సంగతి డాక్టరమ్మకు చెప్పొద్దంది అత్త. నేను చెప్పలేదు.

మామ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆయన మంచివాడని అందరూ అంటారు. నన్ను ఒక్క మాట అన్నది లేదు. రోజూ పొద్దున స్నానం చేసి, ఆ క్యాలెండర్ ముందు నిలబడి, తిథీ నక్షత్రమూ చూసుకుని గుడికి వెళ్లేవాడు. నా అంకెలు ఆయన ముక్కుకు జానెడు దూరంలో ఉండేవి. ధర్మశాస్త్రం ఆయనకు కంఠతా వచ్చు. చుట్టుపక్కల ఎవరికి సందేహం వచ్చినా ఆయన్నే అడిగేవాళ్లు.

మూడో ఏడు చివర్న అత్త మాట పైకి తీసింది. గుడిలో ఉత్సవాలు అయిపోగానే పెద్దమనుషులను కూర్చోబెడతామంది. లొల్లి లేకుండా, మర్యాదగా, మా బాపును పిలిచి అప్పజెబుతామంది. కొత్త సంబంధం అప్పటికే చూశారు. ఆ అమ్మాయి ఫోటో అత్త ఫోన్‌లో ఉంది. వంటింట్లో నాకు చూపించింది.

"మంచిగనే ఉన్నది గదా?" అని అడిగింది.

ఎగతాళికి కాదు. నిజంగానే నా అభిప్రాయం కోసం అడిగింది. బాగుందని చెప్పాను. ఆ మాట చెప్పిన నా నోటిని నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఉత్సవాలకు ముందు బాపు కంటికి ఆపరేషన్ అయింది. చూసుకోవడానికి మలక్‌పేట వచ్చాను. ఎలాగూ వదిలెయ్యబోయే కోడలు కాబట్టి అత్త కూడా వెళ్లిరమ్మంది. వచ్చిన రెండో రోజునే ముట్టయింది. నానమ్మ కూడా పోయాక ఆ ఇంట్లో అంటూ సొంటూ లేదు. రోజూలాగే స్నానం చేశాను, వండాను, బాపు కంట్లో చుక్కలు వేశాను. ఐదో రోజు అన్నది ప్రత్యేకంగా రాలేదు, పోలేదు.

తీర్పు చెప్పే ముందు సాక్ష్యాన్ని ఒకసారి నా కళ్లతో చూడాలనిపించింది. ఆస్పత్రి కాగితాలు పట్టుకుని, మా వీధి చివర ఉన్న స్కానింగ్ సెంటర్‌కు ఒంటరిగా వెళ్లాను. మూడేళ్లలో నా ఒంటి కోసం నేను ఒంటరిగా వెళ్లడం అదే మొదలు. అక్కడి డాక్టరు పెద్దావిడ, జుట్టంతా తెలుపు. ముట్టు ఎన్నడైంది అని అడిగింది. అలవాటు కొద్దీ స్నానం తేదీ కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. రోజూ స్నానం చేశాను మరి. ఏ రోజు తలకు పోసుకున్నానో గుర్తు లేదమ్మా అన్నాను.

ఆవిడ కళ్లద్దాల పైనుంచి చూసింది. "తలకు పోసుకునుడు గాదు బిడ్డా. రక్తం మొదలు ఎన్నడు కనబడ్డది, గది చెప్పు."

చెప్పాను. అయితే ఇది పదో రోజు అంటూ తెర నా వైపు తిప్పింది. బూడిదరంగు మబ్బులో నల్లగా, గుండ్రంగా ఒక చిన్న నీటితిత్తి. పెరుగుతున్నది, ఎల్లుండి రా అంది. పన్నెండో రోజు వెళితే అది బాగా ఉబ్బి ఉంది. పద్నాలుగో రోజు వెళితే ఆ గుండ్రం లేదు. ముడతపడి కుంగిపోయి, చుట్టూ కొంచెం నీరు.

"పగిలింది. ఎగ్ ఎల్లిపోయింది," అంది ఆవిడ. నా పాత కాగితాలు తిరగేసింది. "నీకు ఎగ్ రాదని ఎవలు చెప్పిన్రు?"

తర్వాత అరగంట కూర్చోబెట్టి నాకు నా ఒంటిని చెప్పింది. బడిలో ఆ పాఠం వచ్చినప్పుడు టీచరు ఇంట్లో చదువుకోండని పేజీలు తిప్పేసింది. పెళ్లయ్యాక ఇల్లు కూడా తిప్పేసింది. మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఒకటి ఉందట. రక్తం కనిపించిన రోజులకే అది అండాశయానికి కబురు పంపడం మొదలుపెడుతుంది. ఆ కబురుకు కొన్ని తిత్తులు మేలుకుంటాయి, వాటిలో ఒకటి మిగతావాటిని దాటి పెరుగుతుంది. పెరుగుతూ అదే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తయారుచేస్తుంది. ఆ హార్మోన్ ఒక మట్టానికి చేరి అక్కడ నిలిచిందా, పైనున్న గ్రంథి ఒక్కసారిగా పెద్ద ఉప్పెనలా ఇంకో హార్మోన్‌ను వదులుతుంది. ఆ ఉప్పెన మొదలైన ఒకటిన్నర రోజుకు తిత్తి పగిలి అండం బయటపడుతుంది. అది బతికేది ఒక్క రోజు. పగిలిన తిత్తి ఊరికే ఉండదు. పసుపుపచ్చగా మారి ప్రొజెస్టిరాన్ తయారుచేస్తూ రెండు వారాలు గర్భసంచి గోడను కాపాడుతుంది. గర్భం నిలవకపోతే అలిసిపోతుంది, హార్మోన్ పడిపోతుంది, గోడ రాలుతుంది, మళ్లీ రక్తం. అందులో ఎక్కడా మైల లేదు. ఒక పని ముగిసి ఇంకో పని మొదలవడమే ఉంది. ఆ ఇంటివాళ్లు రాయకూడదన్న రోజే ఆ పనికి మొదటి రోజు.

ఇంటికొచ్చి కాగితం మీద వేసుకున్నాను. నాకు ఇరవై ఆరు రోజులకు ఒకసారి వస్తుంది. అండం పన్నెండు, పదమూడు ప్రాంతాల్లో విడుదలవుతుంది. అత్త ఒకటి అన్నది నిజానికి ఐదు. ఆమె పన్నెండు నిజానికి పదహారు. ఆస్పత్రివాళ్లు స్కాన్ చేసిన రోజుకు తిత్తి పగిలి మూడు రోజులైంది, అండం చచ్చిపోయి రెండు రోజులైంది. పెళ్లి అయిపోయాక మండపానికి వెళ్లి పెళ్లికూతురు లేదని రాసుకొచ్చారు. ఆమె ఇరవై ఒకటి నిజానికి ఇరవై ఐదు. మర్నాడో ఆ మర్నాడో రక్తం రాబోతుంది, హార్మోన్ తక్కువ ఉండక ఏం చేస్తుంది? ఇక ఆ దుప్పట్లు మార్చిన రోజులన్నీ ఏమీ నిలవడానికి వీల్లేని రోజులే. ఇన్ని నెలల్లో ఎవరికీ అనుమానం ఎందుకు రాలేదంటే, స్నానానికీ స్నానానికీ మధ్య ఎడం కూడా ఇరవై ఆరే. తప్పు ప్రతి నెలా సరిగ్గా అంతే ఉంటే అది ఒప్పులాగే కనబడుతుంది.

బాపు కంటికి నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద విన్నాడు. "నాలుగు దినాలేనా బిడ్డా?" అన్నాడు. "గంతేనా?" మంచం పక్కన ఫోన్ కోసం తడిమాడు. వాళ్లకు ఫోన్ చేసి చెబుతానన్నాడు. వద్దన్నాను. పెద్దమనుషులను వాళ్లే పిలిచారు, సభ వాళ్లే పెట్టారు, అక్కడే మాట్లాడతానన్నాను. బాపు బీరువాలో ఎదుటివాళ్ల పుస్తకాలే ఎక్కువ. ఒక పాత ధర్మశాస్త్రం తీసి, ఋతుకాలం గురించి రాసిన చోటు మూడుసార్లు చదివాను. భార్యకు గర్భం నిలిచే పదహారు రాత్రులను ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో అందులో స్పష్టంగా ఉంది. మా మామకు ఆ శ్లోకం నిద్రలో లేపినా వస్తుంది.

అనుకున్న రోజున ముందుగది నిండా చాపలు వేశారు. గుడికి సంబంధించిన ఇద్దరు పెద్దలు, మామ, అత్త, నన్ను చేసుకున్నతను, బాపు. చాయ్ నేనే ఇచ్చాను. మన కంచం ఎత్తేసే ముందు కూడా వడ్డించేది మనమే కదా. ఇద్దరిలో పెద్దాయన గొంతు సవరించుకుని, ఎవరిదీ తప్పు కాదు, దైవం అలా రాసింది, ఆస్పత్రి కాగితాలే చెబుతున్నాయి అని మెల్లగా మొదలుపెట్టాడు. నేను గడప దగ్గర నిలబడి, మామను ఒక సందేహం అడగొచ్చా అన్నాను. అడుగమ్మా అన్నాడు పెద్దాయన.

"మామయ్యా, ఋతుకాలం పదహారు రాత్రులు అంటరు గద. ఆ పదహారు ఏ దినం నుంచి లెక్కపెట్టాలె?"

మామ ఉత్తరీయం సర్దుకున్నాడు. గది ఇప్పుడెందుకు అన్నాడు. రెండో పెద్దాయన నవ్వి, చెప్పున్రి పంతులూ, పిల్ల శాస్త్రం అడిగితే దాచుకుంటరా అన్నాడు.

"రక్తం కనబడ్డ దినం నుంచి," అన్నాడు మామ. "మొదటి నాలుగు నిషిద్ధం గని, అవి గూడ పదహారులనే కలుస్తయి."

"స్నానం నుంచి కాదా?"

"కాదు."

నేను లోపలికి వెళ్లి అటక మీది కట్ట దింపాను. దేవుడి బొమ్మలున్న కాగితాలు ఆ ఇంట్లో చెత్తలో వెయ్యరు. ఎప్పుడో నదిలో కలపాలని కట్టకట్టి దాస్తారు. నా మూడేళ్లు వాళ్ల భక్తే నాకు భద్రంగా దాచిపెట్టింది. కాగితాలు చాప మీద పరిచాను. ఒక్కో బొట్టూ చూపించాను. ఈ ఒకటి ఏ దినం అత్తమ్మా అని అడిగాను. స్నానం దినం అంది ఆమె, ఇంకా అర్థం కాక, కొంచెం గర్వంగానే. ఆ పక్కన స్కాన్ బొమ్మలు మూడు పెట్టాను: పదో రోజు, పన్నెండో రోజు, పద్నాలుగో రోజు. ఎవరి శాస్త్రం ప్రకారమైనా చూడండి, మీదైనా డాక్టర్లదైనా అన్నాను. రెండూ ఒక్కచోటి నుంచే లెక్కపెడతాయి. రెంటికీ బయట ఉన్నది ఈ గోడ ఒక్కటే.

నేను మామనే చూస్తున్నాను. ఆ మూడేళ్లలో ఆయన్ను అంత సూటిగా చూడటం అదే మొదటిసారి.

"రోజూ ఆ క్యాలెండర్ ముందట నిలబడ్డరు. మీకు తెల్వదా మామయ్యా?"

ఆయన కాగితాల వైపు చూస్తూ చెప్పాడు. "ఆడోళ్ల ముచ్చట, నాకెందుకు అనుకున్న."

ఆ మాట కోసమే నేను వచ్చింది. అది నలుగురిలో ఆయన నోటితో రావాలి, వచ్చింది. తెలియనివాళ్ల మీద నాకు అంత పగ లేదు. తెలిసి, జానెడు దూరంలో నిలబడి, తిథి చూసుకుని పోయినవాడి మీద ఉంది. పెద్దాయన ఆస్పత్రి కాగితాలు మడిచి పక్కన పెట్టేశాడు. నన్ను చేసుకున్నతను మొదటిసారి తలెత్తి, మరి నాకెందుకు చెప్పలేదు నువ్వు అన్నాడు. నువ్వు ఎన్నడన్నా అడిగితివా అన్నాను.

అందరికంటే ముందు తేరుకున్నది అత్త. ఆమెకు ఆ తెలివి ఉంది, కాదనను. కాగితాలు ఒద్దికగా కట్టకడుతూ, ముఖం కొంచెం వెలిగించుకుని అంది:

"అయితే మంచిదే గద. ఈ నెల నుంచి మొదటి దినం లెక్కనే పెడ్దాం. ఏం పోయింది ఇప్పుడు?"

ఏం పోయింది. ఆమె చేతిలోంచి కట్ట తీసుకున్నాను. వంటింట్లోకి వెళ్లి ఆ నెల కాగితం కూడా మేకు నుంచి తీశాను. వెనక గదిలోకి వెళ్లి పళ్లెం, గ్లాసు, చెంబు సంచిలో వేసుకున్నాను. వాటిని ఆ ఇంట్లో ఇంకెవరూ ముట్టరు కాబట్టి అవి నావే. ముందుగదిలోకి వచ్చి చెప్పాను.

"ఈ నెల తేది మీకు చెప్ప అత్తమ్మా. ఇగ ఏ నెలదీ చెప్ప."

ఆమె ముఖంలోని వెలుగు పోవడం చూశాను. పూర్తిగా పోయేదాకా నిలబడి చూశాను. పంపెయ్యడానికి పిలిచినవాళ్లే, ఉండమ్మా, తొందరపడకమ్మా అని లేచారు. నా చెప్పులు నేను వేసుకున్నాను.

ఆటోలో బాపు మెల్లగా అన్నాడు, ఇప్పుడు అంతా తేటపడ్డది గద బిడ్డా, ఉండొచ్చేమో అని. బాపూ, ఇయ్యాల ఆదివారం కాదు గద అన్నాను. ఆయనకు అర్థమైంది. నల్లద్దాల కింద నుంచి నీళ్లు కారాయి. ఆపరేషన్ కన్ను, తుడుచుకోవద్దని నేనే గుడ్డతో అద్దాను. అంతకు మించి ఓదార్చలేదు.

కొందరు స్నేహితురాళ్లు నన్ను అడిగారు, మీ అత్త మాత్రం ఏం చేస్తుంది, ఆమెకూ వాళ్ల అత్త గోడ మీద అలాగే లెక్కపెట్టింది కదా అని. పెట్టింది. ఆమె కూడా పెళ్లయిన ఏడేళ్లకు గానీ కనలేదట, ఆ ఏడేళ్లు ఎన్ని మాటలు పడిందో ఆమే నాకు చెప్పింది. వాత పడిన చెయ్యే ఆ అట్లకాడను కాల్చి నా మీదికి తెచ్చింది. నాకు ఆమె మీద జాలి రావాలంటే ఆమె ముందు ఆ అట్లకాడ కింద పెట్టాలి. పెట్టలేదు. ఏం పోయింది అంది.

విడాకులయ్యాయి. ఫోటోలోని అమ్మాయి ఆ ఇంటికి వచ్చిందని విన్నాను. నేను ఆ సామాన్లు బేగంబజార్‌కు తీసుకెళ్లి, మూడింటి మీదా నా పేరు చెక్కించాను. పెద్ద అక్షరాలతో. ఆ పళ్లెంలోనే తింటాను. వారానికి ఒకరోజు మా వీధి బడిలో పెద్ద తరగతి ఆడపిల్లలకు పాఠం చెబుతాను, టీచరు తిప్పేసిన ఆ పేజీలే. మొదటి రోజు ఏదో ముందు చెప్పి, ఆ కాగితాల్లో ఒకటి చూపిస్తాను. బొట్టు ఎవరు పెట్టారని పిల్లలు అడిగితే, పెట్టకూడనివాళ్లు అని చెబుతాను.

మొన్న చాంద్రాయణగుట్ట దగ్గర బస్సులో ఒక పిల్ల నా పక్కన కూర్చుని అత్తమ్మా అంది. మా ఆడబిడ్డ కూతురు. నేనున్నప్పుడు చిన్న గౌను వేసుకుని సెలవులకు వచ్చేది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, నవ్వాపుకుంటూ చెప్పింది.

"అమ్మమ్మ ఇప్పుడు క్యాలెండర్ల అంకెలు ఏస్తలేదు తెల్సా? కొత్తత్తమ్మ తేది చెప్తలేదు."

అడగదా మీ అమ్మమ్మ అన్నాను.

"రోజూ అడుగుతది. మామయ్యగారిని అడుగున్రి, శాస్త్రం ఆయనకు మంచిగ తెల్సు గద అంటది కొత్తత్తమ్మ. గంతే. తాత లేసి గుడికి పోతడు."

ఆ కొత్త కోడలికి ఈ మాట ఎవరు అందించారో నాకు తెలియదు. ఆ రోజు చాపల మీద కూర్చున్నవాళ్లలో ఎవరో ఇంట్లో చెప్పి ఉంటారు, అది సందులన్నీ తిరిగి ఆమెను చేరి ఉంటుంది. అరుగు మీది కబుర్లు నాకు చేసిన ఒక్క మంచి పని అదే కావచ్చు. ఆమెకు పిల్లలున్నారా అని నేను అడగలేదు. ఈ పిల్లా చెప్పలేదు. బస్సు ఫ్లైఓవర్ ఎక్కింది. నా స్టాప్ వచ్చేదాకా ఆ మాటను ఇంకో రెండుసార్లు చెప్పించుకుని విన్నాను.